ఎడమ చైను వదులు

భోజనానికి ముందు బిగువుగా ఉన్న ఎడమ చైను, భోజనం ముగించి వచ్చేసరికి మళ్లీ వదులైంది.

తాతాజీ లోడరు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు చక్రం నెత్తి మీదినుంచి వెనకనున్న పై రోలరు దాకా గునపాన్ని పరిచాడు. గునపానికీ, నడుమ కిందికి వాలిన ఇనుప పలకలకూ మధ్య సందులో చెయ్యి పెట్టి చూశాడు. పొద్దుటి పూట నడిపే జయంత్ బండి దిగినప్పుడు ఆ సందులో నాలుగు వేళ్లు పట్టాయి. ఇప్పుడు పిడికిలి పిడికిలంతా దూరింది. దూరాక ఇంకా చోటు మిగిలింది. లేచి కుడివైపుకు వెళ్లి చూశాడు. అక్కడ నాలుగు వేళ్లే.

ఒక చైను వదులై రెండో చైను వదులు కాకపోవడం ఇనుముకు తెలిసిన పని కాదు, మనిషికి తెలిసిన పని అనిపించింది అతనికి.

అది చైను లోడరు. ముందు మట్టి ఎత్తే పెద్ద బకెట్టు, టైర్లు ఉండవలసిన చోట రెండు పక్కలా ఇనుప పలకలు గుచ్చిన చైన్లు. ఆ చైనుకు బిగువునిచ్చేది ఏ బోల్టూ కాదు, గ్రీజు. ముందు చక్రం వెనక ఒక గొట్టం ఉంటుంది. గన్నుతో అందులోకి గ్రీజు ఎక్కించేకొద్దీ అది చక్రాన్ని ముందుకు నెడుతుంది, చైను బిగుస్తుంది. గొట్టానికున్న మరను పానాతో కాస్త తిప్పితే గ్రీజు నల్లగా, మెల్లగా బయటికి పాకుతుంది, చైను వదులవుతుంది. బిగించడానికి బలం కావాలి. వదలడానికి ఒక పానా చాలు.

కోరుకొండ గ్రావెల్ క్వారీలో ఉన్నన్నాళ్లూ ఈ బండి ఇలాంటి వేషాలు వెయ్యలేదు. మొగల్తూరు వచ్చాకే మొదలైంది. ఇక్కడిది బంకమన్ను. చైనులోకి ఎక్కి, పలకల మధ్య గట్టిపడి, బిగువుగా ఉన్నదాన్ని ఇంకా బిగిస్తుంది. అందుకని వచ్చిన రోజునే తాతాజీ రెండు వైపులా కాస్త గ్రీజు వదిలి, నాలుగు వేళ్ల సందు కుదిర్చాడు. అంతకుమించి వదులైతే మాత్రం, మలుపు తిరిగేటప్పుడు చైను చక్రం మీదినుంచి పక్కకు జారిపోతుంది. అలా ఇప్పటికే రెండుసార్లు జారింది. జారిన చైనును మళ్లీ ఎక్కించడమంటే పూటంతా బురదలో పొర్లడమే. కాలవలకు నీళ్లు వదిలేలోగా చేపల చెరువు గట్లు పూర్తికావాలని రైతు తొందరపెడుతున్నాడు. రెండుసార్లూ బండి మీద ఉన్నది తాతాజీయే.

రెండోసారి జారిన సాయంత్రం రాజమండ్రి నుంచి ఓనరు గున్నేశ్వరరావు ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసి, తాతాజీని పిలిపించి మాట్లాడాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. పెళ్లిచూపుల్లో మాట్లాడినంత మెల్లగా మాట్లాడాడు. ఇంకొక్కసారి చైను ఊడితే తాతాజీ కోరుకొండ వచ్చేసి క్వారీలో ఏదో ఒక పని చూసుకోవచ్చుననీ, సీటు జయంత్ చూసుకుంటాడనీ చెప్పి పెట్టేశాడు.

క్వారీలో ఏదో ఒక పని అంటే ఏమిటో తాతాజీకి తెలుసు. అతను అక్కడ సమ్మెట పట్టి రాళ్లు కొట్టినవాడు. రాళ్ల మీదినుంచి సీటు మీదికి ఎక్కడానికి అతనికి యౌవనంలో సగం పట్టింది. సీటు పోవడం ఎక్కడ పోయినా బాధే. కాని ఇక్కడ పోవడం వేరు. ఇది అత్తవారి ఊరు. బండి వచ్చిన రోజు మామగారి వీధి వీధంతా గట్టు మీదికి వచ్చి నిలబడి, పచ్చటి బండి మీద కూర్చున్న అల్లుణ్ణి కళ్లారా చూసింది. ఆ కళ్ల ముందే దిగి, సంచి చంకన పెట్టుకుని బస్సెక్కాలి.

అతను మర దగ్గరికి వంగి చూశాడు. గ్రీజు కారిన జాడ లేదు. సీలు పోయి కారితే చుట్టూ నల్లగా అంటుకుని, దాని మీద దుమ్ము పట్టి, అట్టకట్టి ఉంటుంది. ఇక్కడ మర చుట్టూ ఇనుము మెరుస్తోంది. గుడ్డతో తుడిచినట్టు, తుడిచి మళ్లీ తుడిచినట్టు, ఒక్క చుక్క మిగలకుండా శుభ్రంగా ఉంది.

జాడ దొరక్కూడదని తుడిచిన చెయ్యి అది.

గ్రీజు గన్ను తెచ్చి, మెడ నరాలు ఉబ్బేదాకా పిడి కొట్టి, మళ్లీ నాలుగు వేళ్లకు తెచ్చాడు. కొడుతున్నంతసేపూ ఒక్కటే లెక్క. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బండి నడిపేది జయంత్. అతని చేతిలో చైను చెక్కుచెదరదు. భోజనాలయ్యాక పొద్దు వాలేదాకా నడిపేది తాను. తన చేతికి వచ్చేసరికి చైను వదులు. మధ్యలో ఉన్నది ఒక్క భోజనం వేళ. ఆ వేళ చెరువులో ఉండేది ఇద్దరు డ్రైవర్లు, క్యారేజీ తెచ్చే మామగారు.

జయంత్ గున్నేశ్వరరావుకు మేనల్లుడు. అతనికి లివరు పట్టడం నేర్పింది తాతాజీయే. మొదటిరోజు బకెట్టు ఎత్తబోయి తనమీదే మట్టి పోసుకుంటే, నవ్వకుండా దులిపింది తాతాజీయే. అప్పటినుంచి జయంత్ అతన్ని అన్నయ్యా అని పిలుస్తాడు. ఆ పిలుపులో ఏ కల్తీ ఉందోనని తాతాజీ ఇన్నాళ్లూ వెతకలేదు. ఇప్పుడు వెతకడం మొదలుపెట్టాడు. వెతికేవాడికి దొరకనిదేముంది. జయంత్ రోజు విడిచి రోజు బూత్‌కు వెళ్తాడు. మేనమామతో తలుపు వేసుకుని మాట్లాడతాడు. వచ్చాక ఏం మాట్లాడాడో చెప్పడు. చొక్కా అంచున నల్లటి మరక ఉంది. తనకంటె ముందే భోజనం ముగించి, చెయ్యి కడుక్కునే నెపంతో లేచిపోతాడు. అన్నిటికంటె, తాతాజీ సీటెక్కే ముందు రోజూ ఆ ఒక్క మాట అంటాడు.

“అన్నయ్యా, ఎడమది చూసుకున్నావా?”

ఆ రోజూ అన్నాడు. కుడిది అనడేం? ఎప్పుడూ ఎడమదే ఎందుకంటాడు? తాతాజీ చూసుకున్నానన్నాడు. జయంత్ తలూపి, తువ్వాలు నెత్తిన వేసుకుని పాక నీడకు వెళ్లిపోయాడు. ఆ తలూపులో తృప్తి ఉందో నిరాశ ఉందో తేల్చుకోలేక తాతాజీ ఆ సాయంత్రం ఒక గట్టు వంకరగా పోశాడు.

ఇంటికి వెళ్లాక భార్య నాగదుర్గతో ఆ సంగతి మెల్లగా కదిపాడు. ఆమె తల వంచుకుని బియ్యం ఏరుతూ విన్నది. జయంత్ అటువంటివాడు కాదని అనలేదు, అటువంటివాడేనని అనలేదు. “ఎదురుగా అడిగెయ్యండి. మనసులో పెట్టుకుని ఎన్నాళ్లు మోస్తారు?” అన్నది.

అడిగితే లేదంటాడు. లేదంటే నమ్మాలి. నమ్మడానికి తాతాజీ సిద్ధంగా లేడు. కళ్లతో చూడాలి, చేత్తో పట్టుకోవాలి, నలుగురిలో నిలబెట్టాలి. అప్పుడు గున్నేశ్వరరావు మెల్లని గొంతు ఎలా మారుతుందో వినాలి.

మర్నాడు మాటు వేశాడు. భోజనం చేస్తున్నంతసేపూ జయంత్ మీదినుంచి చూపు తిప్పలేదు. అతను ముద్ద కలుపుతుంటే వేళ్ల సందుల్లో నలుపు ఉందేమోనని చూశాడు. నీళ్లు తాగుతుంటే కళ్లు ఎటు తిరుగుతున్నాయోనని చూశాడు. జయంత్ ఇబ్బందిపడి, “ఏంటన్నయ్యా, కూరలో ఉప్పెక్కువైందా?” అని అడిగాడు.

ఆ ప్రశ్న విని పాక బయట నిలబడ్డ సత్తిరాజు కంగారుపడ్డాడు. సత్తిరాజు తాతాజీకి మామగారు. అల్లుడి ఎదుట కూర్చోవడం, అల్లుడితో నేరుగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. కూతురికి పెళ్లయి ఇన్నేళ్లయినా, చెప్పవలసిన మాట పక్కవాడి చేత చెప్పిస్తాడు. “అల్లుడుగారికి పెరుగు వేరే గిన్నెలో ఉందని చెప్పండి, జయంత్‌గారూ,” అన్నాడు. చెప్పి, అల్లుడు తింటుండగా తాను చూడటం మర్యాద కాదన్నట్టు ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు. తన ఎద్దులబండి మీద కొబ్బరికాయలు తోలుకెళ్తూ, దారిలో క్యారేజీ దింపడం ఆయన నిత్యకృత్యం. ఆ చెరువులో నీడంటూ ఉన్నది పాకకు, లోడరుకు మాత్రమే. పాక అల్లుడిది కాబట్టి, ఎద్దుల్ని ఆయన లోడరు అవతలి పక్క కట్టేవాడు. వాటి ముందు గడ్డి వేసి, తాను కూడా అక్కడే చతికిలబడేవాడు.

ఒక్క విషయం తాతాజీని ఆ మధ్యాహ్నం ఉలికిపాటుకు గురిచేసింది. మామగారి బండి ఎప్పుడు వచ్చిందో అతనికి వినపడనే లేదు. మొదటిరోజుల్లో ఆ బండి ఇరుసు కీచుమని అరిచే అరుపు వంతెన దగ్గరినుంచే వినిపించేది. ఆ అరుపు విని జయంత్ ఇంజను ఆపేవాడు. ఇప్పుడు బండి చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడుతోంది. లోకమంతా తనకు వినపడకుండా కదులుతున్నట్టుంది. ఆ ఊహ కూడా అనుమానంలోనే కలిసిపోయింది.

జయంత్ లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి బోరు దగ్గరికి నడిచాడు. తాతాజీ ఎంగిలి చేత్తోనే పాక వెనకనుంచి తొంగి చూశాడు. జయంత్ చెయ్యి కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, తిరిగి వచ్చాడు. అంతే. తాతాజీ వెళ్లి చైను చూశాడు. వదులు.

తాను కళ్లార్పిన క్షణం ఏదో ఉండి ఉండాలి. అంత చాకచక్యం ఉన్నవాణ్ణి చూపుతో పట్టుకోవడం సాధ్యం కాదనుకున్నాడు. అప్పుడు ఆ ఆలోచన వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు, వచ్చాక పోలేదు.

ఆ మర్నాడు జయంత్ బండి ఆపి బోరు వైపు వెళ్లగానే, తాతాజీ ఎడమ గొట్టంలోకి గ్రీజు ఎక్కించడం మొదలుపెట్టాడు. నాలుగు వేళ్ల సందు మూడైంది, రెండైంది. చైను తీగలా సాగి, పలకలన్నీ ఒకే బద్దలా నిటారుగా నిలిచాయి. అయినా ఆపలేదు. పిడి ఇక దిగనని మొరాయించేదాకా కొట్టాడు. ఆ బిగువుతో బండిని బురదలో నాలుగడుగులు నడిపినా ఏదో ఒకటి విరుగుతుంది, కాని నడపడు. భోజనాలయ్యాక వదిలేస్తాడు. ఈలోగా ఎవరి పానా ఆ మర మీద పడుతుందో, వాడి ముఖాన గ్రీజు పడుతుంది. సబ్బు పెట్టి తోమినా సాయంత్రం దాకా వదలని నలుపు. అదే సాక్ష్యం. చివరగా మరను పానాతో అందుకుని, ఎప్పుడూ ఉంచేదానికంటె కాస్త వదులుగా ఉంచాడు.

ముఖాన పడుతుంది, అంతే, అనుకున్నాడు. క్వారీలో ఒక మెకానిక్ సంగతి మనసు అంచున మెదిలింది. ఇలాగే బిగిసిన మరను తిప్పినప్పుడు గ్రీజు సూదిలా దూసుకొచ్చి అతని అరచేతిలో దిగబడింది. పైకి చూస్తే చీమ కుట్టినంత గాయం. కాకినాడ ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. తాతాజీ ఆ సంగతిని మనసు అంచునే ఉంచి, లోపలికి రానివ్వలేదు.

కడుపులో బాగా లేదని, భోజనం తర్వాత చేస్తానని జయంత్‌కు చెప్పి, కొత్తగా పోసిన గట్టు అవతలికి వెళ్లాడు. గట్టు వెనక బోర్లా పడుకుని, తల మాత్రం పైకెత్తి చూశాడు. ఎండ వీపు మీద పెనంలా ఉంది. చెరువు అడుగున లోడరు ఒక్కటే, కదలకుండా, ఎడమ చైను అతని వైపుకు పెట్టి నిలబడి ఉంది.

మామగారి బండి చప్పుడు లేకుండా వచ్చింది. క్యారేజీ జయంత్‌కు అందింది. జయంత్ పాకలోకి వెళ్లినట్టే వెళ్లి, మళ్లీ బయటికి వచ్చి, నేరుగా లోడరు వైపు నడిచాడు.

తాతాజీ తల ఇంకాస్త ఎత్తాడు. తన లెక్క తప్పలేదన్న సంతోషం గొంతు దాకా వచ్చింది. మనిషికి ఇంత సంతోషం ఇంత చెడ్డ సంగతిలో ఎలా దొరుకుతుందో అతనికి అప్పుడు తోచలేదు. జయంత్ చైను దగ్గర ఆగాడు. చైను మీద కాలు పెట్టి, పైకెక్కి, సీటు వెనకనుంచి నీళ్ల క్యాను తీసుకున్నాడు. దిగాడు. పాకకు వెళ్లి, క్యారేజీ ముందు కూర్చున్నాడు.

తాతాజీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంకా వేళ ఉంది, తింటాడు, లేస్తాడు, వస్తాడు అని తనకు తానే చెప్పుకున్నాడు. ఈలోగా మామగారు ఎద్దుల్ని తోలుకుని లోడరు పక్కకు చేరాడు. ఆయన్ని చూస్తే తాతాజీకి విసుగొచ్చింది. ఈయన అక్కడే చతికిలబడితే జయంత్ జంకుతాడు. మాటు వేసిన పూట కాస్తా వృథా అవుతుంది. ఎద్దుల్ని ఇంకో చోట కట్టకూడదా ఈయన.

సత్తిరాజు ఎద్దుల ముందు గడ్డి వేశాడు. బండి కింద వేలాడే గోనెసంచిలో చెయ్యి పెట్టి, ఒక కొబ్బరిచిప్ప తీశాడు. మళ్లీ చెయ్యి పెట్టి ఇంకొకటి తీశాడు. అది ఎండలో తళుక్కుమంది. పానా. తన పొలంలో నీళ్ల ఇంజనుకు వాడే పానా.

తీరుబడిగా, పాలు పితకడానికి కూర్చున్నట్టు, ఆయన ఎడమ చైను పక్కన గొంతుక్కూర్చున్నాడు. చిప్పను మర కింద పెట్టాడు. ముఖం మరకు దగ్గరగా వంచాడు.

“మావయ్యగారూ, ముట్టుకోకండి.”

తాతాజీ గొంతు గాలిలో కలిసిపోయింది. అతను గట్టు మీదినుంచి జారుతూ, పడుతూ, లేస్తూ పరిగెత్తాడు. బంకమన్ను కాళ్లు పట్టుకుంది. సత్తిరాజు తల తిప్పలేదు, పానా తిరిగింది. పాకలోనుంచి జయంత్ చూశాడు. కేక ఎందుకో అతనికి తెలియదు, పరిగెత్తే మనిషి ముఖం చాలింది. ముద్ద వదిలేసి రెండంగల్లో వచ్చి, ముసలాయన్ని భుజాలు పట్టుకుని వెనక్కి లాగేశాడు.

మర ఊడి ఎటో పోయింది. గ్రీజు పాకలేదు, కారలేదు. నల్లటి ఊచలా బుస్సున దూసుకెళ్లి ఎదుటి గట్టులో దిగబడింది. చైను ఒక్కసారిగా నిట్టూర్చినట్టు కిందికి వాలిపోయింది. ఎద్దులు బెదిరి పలుపులు లాక్కున్నాయి.

తాతాజీ వచ్చి మామగారి చేతులు రెండూ పట్టుకుని తిప్పితిప్పి చూశాడు. అరచేతులు, మణికట్లు, ముఖం, మెడ. ఎక్కడా ఏమీ లేదు. అల్లుడు తనను తాకడం సత్తిరాజుకు అదే మొదటిసారి. ఆ సిగ్గుతో ఆయన నేల చూపులు చూశాడు. నేల మీద పడ్డ గ్రీజు కనపడగానే, చేతులు విడిపించుకుని, చిప్పతో దాన్ని ఎత్తడం మొదలుపెట్టాడు.

“ఏంటండి ఇది?” అన్నాడు తాతాజీ.

“కందెనండి,” అన్నాడు సత్తిరాజు. జీవితంలో మొదటిసారి అల్లుడితో నేరుగా అన్నాడు.

ఆ తర్వాత ఆగి ఆగి చెప్పాడు. పూర్వం వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఇరుసుకు రాసేవారు. ఇప్పుడు ఆముదం వండేవాళ్లు ఏరీ. బండి కీచుమని అరుస్తుంటే వీధిలో తల ఎత్తుకోలేకపోయాడు. లోడరు వచ్చిన మొదటిరోజు అల్లుడుగారు ఈ మర తిప్పి, ఇంత మంచి కందెన మట్టిపాలు చెయ్యడం కళ్లారా చూశాడు. ప్రాణం ఉసూరుమంది. పారబోసేదే కదా అని మర్నాడు చిప్పెడు పట్టుకెళ్లి రాశాడు. ఇరుసు నోరు మూసింది. అది చూసి పక్కింటి పెద్దిరాజు అడిగాడు, ఎదురింటివాళ్లు అడిగారు. మా అల్లుడుగారి బండిదని చెప్పి అందరికీ పంచిపెట్టాడు. ఇప్పుడు వీధిలో ఏ బండీ అరవడం లేదు.

“చుక్క కూడా పోనివ్వలేదండి. మొత్తం తుడిచి తీసుకున్నాను. మర మళ్లీ గట్టిగానే బిగించేను. మీ వస్తువు పాడుచేస్తానా?”

“ఒక్క మాట అడగొచ్చు కదండి, మావయ్యగారూ.”

సత్తిరాజు నిజంగా ఆశ్చర్యపోయి తలెత్తాడు. బండి తోలేవాళ్లలో కందెన అడగడమనేది లేదు. ప్రతి బండి కిందా కందెన గొట్టం వేలాడుతూనే ఉంటుంది. ఎవరి ఇరుసు అరిస్తే వాళ్లు, పక్క బండివాడు నిద్రపోతున్నా సరే, చెయ్యి పెట్టి తీసుకుంటారు. లేపి అడిగితే వాడు చిన్నబుచ్చుకుంటాడు.

“కందెన అడుగుతారేంటండి?” అన్నాడు. “అడిగితే అది పరాయి బండైపోద్ది.”

తాతాజీకి నవ్వు రావలసింది. రాలేదు. జయంత్ అతని పక్కన లేడు. జయంత్ గట్టు దగ్గర ఉన్నాడు. గ్రీజు దిగబడిన చోట గట్టి బంకమట్టిలో సన్నటి కన్నం పడింది. అతను అందులోకి చూపుడువేలు పెట్టాడు. వేలు మొదటి కణుపు దాటి, రెండో కణుపు దాటి, మొత్తం దూరింది. వేలు తీసి, నలుపును చూసుకున్నాడు. ఆ చేతికి ఇంకా అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి.

“నేను దిగినప్పుడు చైను ఇంత బిగువు లేదు,” అన్నాడు, గట్టుతో చెబుతున్నట్టు. “బురదలో ఇంత బిగువు ఎవరూ పెట్టరు. నువ్వే చెప్పేవు కదా.”

తాతాజీ కింద పడ్డ పానా తీశాడు.

“ఆ మెకానిక్ వేళ్ల సంగతి కూడా నువ్వే చెప్పేవన్నయ్యా. మొదటిరోజే చెప్పేవు. ముఖం పక్కకు పెట్టి తిప్పరా అని.” జయంత్ ఇటు తిరిగాడు. కోపం లేదు ముఖంలో. దేన్నో సరిగా చదువుకోవడానికి ప్రయత్నిస్తున్నవాడిలా ఉన్నాడు. “ఇది నాకోసమే పెట్టేవు కదూ?”

కాదని ఒక్క మాట అనవచ్చు. అంటే జయంత్ నమ్మినా నమ్మవచ్చు. తాతాజీ ఆ మాట కోసం నోరు తెరిచాడు. లోపల అది లేదు. చూపు దించుకున్నాడు. అదే జవాబైంది.

సత్తిరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తనవల్లనే అన్నదమ్ముల్లాంటివాళ్లకు మాట తేడా వచ్చిందనుకుని, నిండిన చిప్పను తెచ్చి అల్లుడి కాళ్ల దగ్గర పెట్టి, ఇది మీదేనండి, మళ్లీ అందులోనే పోసేసుకోండి అన్నాడు. తర్వాత ఎద్దుల్ని విప్పుకుని వెళ్లిపోయాడు. బండి వంతెన దాటేదాకా దాని చప్పుడు వినపడలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసే మర వెతికారు. జయంత్‌కే దొరికింది. కడిగి, బిగించి, గన్ను అతనే పట్టాడు. తాతాజీ గునపం పరిచి, సందులో వేళ్లు పెట్టాడు. నాలుగు వేళ్లు కుదిరాక తాతాజీ చాలన్నాడు. జయంత్ ఆపాడు. తాతాజీ సీటెక్కాడు. ఎడమది చూసుకున్నావా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. చైను పొద్దు వాలేదాకా చక్కగా తిరిగింది.

సాయంత్రం జయంత్ బూత్‌కు బయలుదేరాడు. తాతాజీ రమ్మనకుండానే వెంట నడిచాడు. దారిపొడవునా తనను తాను సిద్ధం చేసుకున్నాడు. జయంత్ ఉన్నదున్నట్టు చెబుతాడు, చెప్పడం న్యాయం. సీటు పోతుంది. అత్తవారి వీధి వీధంతా చూస్తుండగా బస్సెక్కుతాడు. పైగా వీధికంతటికీ తెలుస్తుంది, అల్లుడి సీటు పోగొట్టినది మామగారి కొబ్బరిచిప్ప అని. ముసలాయన ఇక ఆ వీధిలో బండి తోలలేడు. దానికంటె తప్పంతా తనదేనని తానే చెప్పేస్తే మంచిది. అలా అనుకున్నాడు గాని, ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

బూత్ అద్దాల గదిలోకి జయంత్ వెళ్లాడు. ఎప్పుడూ వేసుకునే తలుపు వేసుకోలేదు. వెనక్కి చూసి, కాలు అడ్డం పెట్టి, తలుపు తెరిచే ఉంచాడు. తాతాజీ గుమ్మం బయట నిలబడ్డాడు.

రాజమండ్రి లైను కలిసింది. జయంత్ పలకరింపులు చేశాడు. అత్తయ్య మోకాలి నొప్పి ఎలా ఉందో అడిగాడు. తర్వాత చైను సంగతి చెప్పాడు. గ్రీజు గొట్టం మర అరిగిపోయి ఉందనీ, అది ఎవరి చేతిలో ఉన్నా అలాగే జారుతుందనీ, అన్నయ్యే కనిపెట్టాడనీ, ఇక ఊడదనీ చెప్పాడు. ఇన్నాళ్లూ ఎడమ చైను వదులని తానే రోజు విడిచి రోజు ఫోను చేసి చెప్పాడు కాబట్టి, ఇప్పుడు బాగైందని చెప్పవలసిన బాధ్యత కూడా తనదేనన్నాడు. అవతల గున్నేశ్వరరావు ఏదో మెల్లగా అన్నట్టుంది. జయంత్ విన్నాడు.

“సీటు అన్నయ్యదే ఉంచు, మావయ్యా. ఈ పని తను తప్ప ఎవరూ చెయ్యలేరు,” అన్నాడు. గొంతు మార్చకుండానే, “నన్ను మాత్రం ఇంకో బండి మీదకి మార్చెయ్యి. ఇక్కడి నీళ్లు నాకు పడటం లేదు,” అన్నాడు.

తాతాజీ ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పటికి జయంత్ ఫోను పెట్టేశాడు. గదిలోనుంచి వస్తూ, తలుపు అతని చేతికి తగలకుండా పట్టుకుని, పక్కకు తప్పుకున్నాడు.

“నీళ్లు నిజంగానే ఉప్పుగా ఉన్నాయన్నయ్యా,” అన్నాడు.

వెనక వరసలో నిలబడ్డ ఒకావిడ, లైను ఖాళీయేనా, తను వెళ్లవచ్చునా అని తాతాజీని అడిగింది. అతను వెళ్లండన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. జయంత్ అప్పటికే రోడ్డు దాటి, నర్సాపురం బస్సు ఆగే చోటుకు, రేపటి వేళ కనుక్కోవడానికి, ఒంటరిగా నడుస్తున్నాడు.